మొక్కు గుర్రం కాళ్లు

ఆషాఢం, మంగళవారం రాత్రి. మర్రిగూడ.

పొద్దున కుండలు కాల్చే ఆవం విప్పాను. అంజమ్మ మొక్కుకు చేసిన మట్టి గుర్రం మళ్లీ వంకర కాళ్లతోనే వచ్చింది. ఎండబెట్టినప్పుడు నిటారుగా ఉన్న ముందుకాళ్లు రెండూ మోకాళ్ల దగ్గర లోపలికి తిరిగాయి. పక్కనే కాలిన కుండలకు ఒక్క సొట్ట కూడా లేదు.

పోయినసారీ ఇంతే. అందుకే ఈసారి వేరే కుంట మట్టి తెచ్చాను, కాళ్లు లావుగా చేశాను. అయినా అదే వంపు. అంజమ్మ కొడుకు కాళ్లు సరిగ్గా ఇట్లాగే ఉంటాయి. అవి చక్కబడాలనే కదా ఆమె పోచమ్మకు గుర్రం మొక్కింది! ఇది ఆమె చేతిలో ఎట్లా పెట్టను?

బాపు గోడ పట్టుకుని వంగి వంగి వచ్చి, గుర్రం కాళ్లు తడిమాడు.

"మట్టి మార్చినవ్ సరే, నీళ్లు మార్చినవా?"

"నీళ్లెందుకు మారుస్త బాపూ? మన బోరింగు నీళ్లే."

"గవి తాగే గదరా నా నడుం గిట్లయింది."

నాకు కోపమొచ్చింది. మట్టికేమైనా ఎముకలుంటాయా?

సాయంత్రం ఇంకో గుర్రానికి మట్టి తడిపాను. ఎప్పటిలాగే మా బిడ్డ లక్ష్మి పాడుకుంటూ తొక్కింది. అది అన్నానికి లేచిపోయాక మట్టి మీద గోనె కప్పబోతూ కందిలి దీపం దించి చూశాను. చిన్న చిన్న అడుగులు తేటగా పడి ఉన్నాయి. ప్రతి జతలోనూ రెండు పాదాల వేళ్లూ లోపలికి, ఎదురెదురుగా తిరిగి ఉన్నాయి.

అరచేత్తో అన్నీ చెరిపేశాను.

పిల్ల నా పక్కనే పడుకుంది. కాళ్ల మీది దుప్పటి తీసి చూద్దామంటే చెయ్యి రావడం లేదు.