సారె సుష్మితకే

మీర్‌పేటలో సొంత ఇంట్లో ఉంటున్న కుమ్మరి అండాలమ్మను, చనిపోయిన సైదులు భార్యను, యాభై ఎనిమిదేళ్లదాన్ని, నా తరువాతివాళ్ల కోసం ఇది రాసి పెడుతున్నాను. నా బుద్ధి సరిగ్గానే ఉంది. బిడ్డ పోయాక నాకు మతి చెడిందని మరిది బాల్‌రాజ్ ఇంటింటికీ చెబుతున్నాడు కాబట్టి ఈ మాట ముందే రాస్తున్నాను. నాది మూడో తరగతి చదువు. అక్షరాలు వంకరగా ఉన్నా ఎవరూ దిద్దొద్దు.

1. ఇల్లు నా పేరు మీద ఉంది. ఇల్లు, పెరట్లో రేకుల షెడ్డు, అందులో కుండలు చేసే సారె, వెనక కుండలు కాల్చే వాము, అన్నీ బాల్‌రాజ్ కూతురు సుష్మితకు చెందాలి. మట్టిపని మానేసి ప్లాట్ల బేరాలు చేసుకునే బాల్‌రాజ్‌కు వీటి మీద ఏ హక్కూ లేదు. ఆడది సారె ముట్టకూడదని మా కులంలో కట్టుబాటు. మన్ను తొక్కాలి, నీళ్లు మోయాలి, గంప నెత్తిన పెట్టుకుని కొత్తపేట దాకా పోయి అమ్మాలి, సారె మీద మాత్రం చెయ్యి పెట్టకూడదు. నా పెనిమిటి పోయాక నా బిడ్డ ప్రసన్న పెట్టింది. సారెకు మోటారు బిగించి, నీళ్ల రంజన్లు, పెరుగు గురుగులు, కూర చట్లు చేసి ఇల్లు నడిపింది. బాల్‌రాజ్ వాకిట్లో నిలబడి, "ఆడిది సారెక్కితె వాము కూలుతది వదినె, బిడ్డకు జర చెప్పుకో" అన్నాడు. వాము నిలబడే ఉంది, వచ్చి చూసుకోవచ్చు.

2. తెలంగాణ కోసం ఎల్బీనగర్ రోడ్డు మీద వంటావార్పు పెట్టిన రోజు అన్నం, పప్పు ఉడికింది ప్రసన్న చేసిన కుండల్లోనే. బాల్‌రాజ్ మైకు పట్టుకుని, అవి తన చేతి కష్టమని చెప్పి శాలువా కప్పించుకున్నాడు. పక్కనే పొయ్యి ఊదుతున్న నా బిడ్డ, "పోనియ్యమ్మా, చిన్నాయిన చేతులకు మట్టంటక ఏండ్లాయె, శాలువకు మరకన్న పడదు" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ కుండలు ప్రసన్నవని ఇక్కడ రాసి పెడుతున్నాను.

3. సకల జనుల సమ్మెలో బస్సులు, ఆటోలు ఆగినప్పుడు ప్రసన్నకు జ్వరం ముదిరింది. పక్కింటి లలితకుమారి గారు గుంటూరు వైపు మనిషి. తన కారులో దిల్‌సుఖ్‌నగర్ దవాఖానకు ఆమే తీసుకుపోయింది. ఆంధ్రావాళ్లతో మనకేం పని అనే బాల్‌రాజ్ బండి ఆ రోజు తన ఇంటి ముందే కదలకుండా ఉంది. తెలంగాణ నాకూ కావాలి. కానీ ఇది కూడా రాయాలి. డాక్టరు డెంగీ అన్నాడు. బిడ్డ దక్కలేదు. దినం నాడు విస్తళ్ల ముందు కూర్చుని బాల్‌రాజ్, సారె ఎక్కిన పాపం తగిలిందన్నాడు. సారె మీద ఎవరు కూర్చున్నారో దోమకేం తెలుసు? ఆ ఒక్క మాటకు ఆయనకు గవ్వ కూడా రాయడం లేదు.

4. లలితకుమారి గారికి ప్రసన్న ఆఖరున చేసిన పెరుగు గురిగి. ఒంట్లో బాగాలేనప్పుడు చేసింది, మూతి కొంచెం ఒరిగింది. పెరుగు బాగానే తోడుకుంటుంది. అలమరలో దాచకుండా వాడుకోవాలి. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత కూడా ఆమెకే ఇస్తున్నాను.

5. సుష్మిత కుట్టుమిషన్ నేర్చుకుంటున్నానని ఇంట్లో చెప్పి ప్రసన్న దగ్గర సారె నేర్చుకుంది. తండ్రికి ఈ సంగతి ఇది చదివినప్పుడే తెలుస్తుంది. పిల్లను ఎవరూ ఒక్క మాట అనకూడదు. బిడ్డా, నీ రంజను పొట్ట ఇంకా మందంగా వస్తోంది, నీళ్లు చల్లబడవు. పల్చగా లాగు. అక్క చీరలన్నీ నీవే.

6. నాకు కొడుకు లేడు. నేను పోతే నీళ్లకుండ భుజాన పెట్టుకుని చితి చుట్టూ తిరగాల్సింది బాల్‌రాజే. తిరగనీ. కుండ బజారులో కొనొద్దు. సుష్మిత చేసి కాల్చింది నా మంచం కింద ఉంది. దాన్ని ఎత్తుకోనంటే కుండ లేకుండానే నన్ను తగలబెట్టండి, పైన రాసింది మాత్రం మారదు. ఎత్తుకుంటే, చిల్లి పెట్టే ముందు ఒకసారి వేలితో కొట్టి చూడమనండి. ఎంత కాదన్నా కుమ్మరి ఇంట్లో పుట్టినవాడు. కంగుమనే ఆ మోత విన్నాక కూడా ఆడది సారె ముట్టకూడదని అనగలిగితే, నలుగురి ముందు అక్కడే అనమనండి.

మీర్‌పేట, 14-3-2012

అండాలమ్మ (వేలిముద్ర వద్దని నేనే పెట్టిన సంతకం)

నా ఎదుట సంతకం చేసిన సాక్షులు:
బ్రహ్మం, చీరల దుకాణం, కొత్తపేట
కొమురమ్మ, ఎదురింటామె, మీర్‌పేట