నీ బుగ్గ మీద చుక్క

చిన్నా, నువ్వు పోయి రేపటికి ఏడాది. చిక్కడపల్లిలో నీ టీషర్టుల ప్రింటింగ్ షాపు నేనూ నీ భార్య రమ్యా నడుపుతున్నాం. రేపు వేసుకోవడానికి నీ ఫొటోతో తెల్ల టీషర్టులు కావాలని నీ దోస్తులు అడిగారు. నువ్వు నేర్పినట్టే ముందు స్క్రీన్ పెట్టి పాత గుడ్డ మీద ఒక ప్రింటు కొట్టి చూశాను. నీ బుగ్గ మీద నల్లటి చుక్క పడింది.

"స్క్రీన్‌కు సన్న బొక్క పడ్డది అత్తమ్మా, రంగు కారుతున్నది. జర టేపు అంటిస్తే పోతది" అంది రమ్య.

చిన్నప్పుడు నేను దిష్టిచుక్క పెడితే నువ్వు ఏడ్చి తుడిచేసుకునేవాడివి.

"ఉండనియ్యి బిడ్డా, దిష్టి తగలదు" అన్నాను.

ఇంక నీకు ఎవరి దిష్టి తగులుతుంది?

మచ్చపడ్డ షర్టు నువ్వు ఏనాడూ ఎవరికీ ఇవ్వలేదు. చేతులు తుడుచుకుని టేపు నేనే అంటించాను. ఈసారి నీ బుగ్గ శుభ్రంగా వచ్చింది, చిన్నా.