నలభై రోజులు ఆగకు

తమ్ముడు విజయ్ పాల్‌కి అక్క దీవెనలు.

ఫోన్లో చెప్పలేక, రాసి ఆటో పెద్దిరాజుతో పంపుతున్నాను. మొన్న మీ ఇంట్లో పాపకి నీళ్లు పోస్తుంటే క్రిస్టినా, "వదినగారండీ, దీన్ని మీరు తీసుకుపోండి. నా దగ్గర ఉంచకండి" అంది.

బాలింత నలభై రోజులు నిండి చర్చికి వెళ్లేదాకా గడప దాటకూడదు, ప్రార్థన చెయ్యక్కా అన్నావు. చేస్తూనే ఉన్నాను. కానీ ఇది జబ్బు, మందుకి తగ్గే జబ్బు. ఇవాళే భీమవరంలో మానసిక వైద్యులకి చూపించు. అందాకా తనని ఒంటరిగా వదలకు.

నువ్వు పుట్టిన నెలకి అమ్మ కాలవరేవులో కాలుజారి పడి చనిపోయిందని నీకు చెప్పాను. జారలేదురా. అంతకు వారం ముందే నిన్ను నా చేతుల్లో పెట్టి, "వీణ్ణి నువ్వే ఉంచుకోవే" అంది. నలభై రోజులు నిండాక డాక్టరుకి చూపిద్దామని ఆగాం.

మీ అక్క