అమ్మ సంగటి కట్టె ఎవరికీ ఇయ్యొద్దు

కోయంబత్తూరు

ప్రియమైన సునీతక్కకు ఎస్తేరు వందనాలు. దేవుని కృపవల్ల నేనిక్కడ బాగానే ఉన్నాను. ప్రొద్దుటూరులో నువ్వు, బావ, పాప బాగున్నారని తలుస్తాను. బావ మోకాలి నొప్పి తగ్గిందా? ఫోన్లోనే అడగొచ్చు. కానీ నువ్వు ఏడుస్తావు, నాకు మాటలు రావు. అందుకే రాస్తున్నాను. బాగానే ఉన్నాను, బెంగపడొద్దు.

ఇక్కడ మన దగ్గరంత ఎండ లేదు. సాయంత్రం గాలి చల్లగా ఉంటుంది. హాస్టల్లో పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం సాంబారన్నం. కారమే ఉండదు. తింటాను, కానీ ఏం తిన్నానో సాయంత్రానికి గుర్తుండదు. అమ్మను మట్టి చేసి వచ్చినప్పటి నుంచి ఇంతే. పనికి పోతాను, వస్తాను, పడుకుంటాను.

నా పని ఏందని బావ అడిగాడన్నావు కదా. అల్యూమినియం తేలిక, కానీ మెత్తన. బండ్ల భాగాలకు గట్టిది కావాలి. అందుకని దాన్ని కరిగించి పింగాణీ జాతి పొడి కలుపుతాం. నానో పొడి అంటారు, ఒక్కో రేణువు కంటికి కనపడనంత సన్నం. అది లోహమంతా సమంగా పరుచుకుంటే గట్టిదనం వస్తుంది. ఉండ కడితే మొదటికే మోసం. పొడిని ముందే వేడి చేసి, లోపల కలిపే మర తిరుగుతుండగా కొంచెం కొంచెంగా వదలాలి.

పోయిన వారం నేను మర ఆపి, పొడి మొత్తం నడుమ కుప్ప పోసి, మూత పెట్టి నిలబడ్డాను. అమ్మ సంగటికి రాగిపిండి అట్లనే కదా పోసేది. మనం కట్టె అందుకుంటే "ఇప్పుడే గెలకాకు మే, ఉడకనీ" అనేది. నా చేతులు ఆ మాటే విన్నట్టున్నాయి.

ఆ లోహంతో పోసిన కడ్డీని మరునాడు ఎంత గట్టిదో చూసేందుకు లాగే యంత్రంలో పెడితే పుటుక్కున విరిగింది. విరిగిన చోట చూస్తే పొడి ఉండలు. మా సెల్వం సారు తమిళాయన, తెలుగు వచ్చు. కోప్పడలేదు. "ఎవరమ్మా నీకు ఇట్ల పొయ్యడం నేర్పింది?" అన్నాడు. మా అమ్మ అన్నాను. "అయితే అమ్మకు ఫోన్ చేసి, ఉండ కట్టకుండా ఎట్లనో అడుగు" అని నవ్వాడు. అమ్మ సంగతి ఆయనకు తెలియదు, నేను చెప్పలేదు. సరే సార్ అన్నాను. అందరూ నవ్వితే నేనూ నవ్వాను. నిన్న మళ్ళీ అడిగాడు, కనుక్కున్నావా అని. ఇంకా లేదు సార్ అన్నాను.

అక్కా, జమ్మలమడుగులో అమ్మ ఉన్న బాడుగిల్లు వచ్చే నెల ఖాళీ చేయాలి, సామాన్లు చాపాడు పిన్ని తీసుకుపోతుంది, నీకేం కావాలని మొన్న ఫోన్లో అడిగావు. నాకేం వద్దన్నాను. "ఏందే నువ్వు, అమ్మ పోయినా ఒక్క సుక్క కార్చలేదు. ఇప్పుడు అమ్మ సామాన్లూ వద్దంటాండావు. రాయివా?" అన్నావు. నాకు కోపం లేదు. నేనూ అదే అనుకుంటున్నాను. బీరువా, మంచం, గిన్నెలు అన్నీ పిన్నికి ఇచ్చెయ్. సంగటి కట్టె మాత్రం ఇయ్యొద్దు. అమ్మ పట్టుకునే చోట అరిగి నున్నగా ఉంటుంది చూడు, అదే. నీ దగ్గర పెట్టు, క్రిస్మస్‌కు వచ్చి తీసుకుంటాను.

పిన్నికి, పాస్టరయ్యగారికి నా వందనాలు చెప్పు. పాపకు ముద్దులు. కుటుంబ ప్రార్థనలో రోజూ ఎస్తేరు బాగుండాలని అడుగుతావు కదా. ఈసారి ఎస్తేరుకు ఏడుపు రావాలని అడుగు.

నీ చెల్లెలు,
ఎస్తేరు