అమ్మంటే మేనత్త

అబుదాబి,
ఫిబ్రవరి 2024.

నాగరత్నమ్మక్కకి, నీ మీద అలక తీరీ తీరకుండానే కలం పట్టుకున్న చెల్లెలు మంగ రాస్తున్నది.

ఫోన్లో అయితే మధ్యలో ఏడ్చేస్తాను. అందుకే ఈ కాగితం.

నేను పనిచేసే ఇంటివాళ్ళతో ఫ్రాన్సు వెళ్ళొచ్చాను. మంచు ఎలా ఉందని ఇక్కడ మనవాళ్ళంతా అడుగుతున్నారు. ఏం మంచక్కా, నేను చూసింది బూట్లు. కాళ్ళకి పొడుగాటి బద్దలు కట్టుకుని కొండమీంచి జారడమే వీళ్ళకి పండగ. దానికి ఇనపగుండ్లలాంటి బూట్లు. పొద్దున్నే ఇంటిల్లిపాదికీ తొడగాలి, సాయంత్రం ఊడబీకాలి, తడిసిన చేతి తొడుగులు హీటరు మీద ఆరబెట్టాలి. ఊరు మాత్రం ముచ్చటైనదే. పాతకాలపు రాతిగోడలు, చెక్క వసారాలు, చూరు కింద పేర్చిన కట్టెలు. ఏ ఇంటి ముందుకెళ్ళినా కరిగిన చీజు వాసన. ఒళ్ళు హూనమైపోయింది. ఇప్పటికీ నడుం వంగట్లేదు.

వెళ్ళేముందు నీతో పోట్లాడాను కదా. నా కొడుకు నిన్ను అమ్మా అని పిలవడం ఫోన్లో విని ఒళ్ళు మండింది. వెంకీ చేత పెద్దమ్మా అనిపించు, లేకపోతే వచ్చి తీసుకుపోతానన్నాను. నువ్వు అలాగేలెమ్మని ఫోను పెట్టేశావు. అదింకా ఒళ్ళు మండించింది.

ఇక్కడ ఇంటావిడని 'మామా' అనాలని నీకు తెలుసు. ఆవిడ కూతురు హెస్సా నెలల పిల్లప్పటినుంచీ నా చేతుల్లోనే పెరిగింది. ముద్ద పెడుతూ "తినమ్మా, మా అమ్మ కదూ" అనేదాన్ని, మనం ఆడపిల్లల్ని అన్నట్టే. అది ఆ మాటే పట్టుకుని నన్ను అమ్మా అనడం మొదలెట్టింది. వీళ్ళ భాషలో 'అమ్మ' అంటే మేనత్తట. పనిమనిషిని అత్తా అంటోంది, నా బిడ్డకెంత మర్యాదో అని మామా మురిసిపోయేది. నేను సరిదిద్దలేదు. నాకా పిలుపు కావాలక్కా.

ఆ కొండమీద ఒకరోజు హెస్సా జారి పడి మోకాలు కొట్టుకుంది. మామా ముందు చేరి ఎత్తుకోబోయింది. అది తల్లి చేతులు తోసేసి, నా వైపు తిరిగి "అమ్మా" అని గుక్కపట్టి ఏడ్చింది. మేనత్తని ఎవరూ అలా పిలవరు. ఏ భాషవాళ్ళకైనా తెలిసిపోతుంది.

సాయంత్రం నేను బూట్లు తుడుస్తుంటే మామా వచ్చి నిలబడి, వచ్చీరాని హిందీలో నిజం చెప్పమంది.

"మంగా, సచ్ బోలో. మీ ఊళ్ళో అమ్మ అంటే ఎవరు?"

మేనత్తేనంటే సరిపోయేది. ఇంకో రెండేళ్ళు ఉండమని అంతకుముందే అడిగింది కూడా. పని ఉండేది, పిల్లా ఉండేది. కానీ ఆవిడ మొహం చూశాక అబద్ధం చెప్పలేకపోయాను. వాళ్ళ మాటలోనే, "అమ్మ అంటే ఉమ్, మామా" అన్నాను. ఉమ్ అంటే తల్లి.

అరుస్తుందనుకున్నాను. నా పక్కన నేలమీద చతికిలబడింది. "నువ్వెళ్ళిపోతే అది నన్ను అలా పిలుస్తుందా?" అని అడిగింది.

పిలుస్తుందన్నాను. రెండేళ్ళు వద్దు, నన్ను పంపించెయ్యమని నేనే అడిగాను. ఖలాస్, ఇక సరే అంది, నా చెయ్యి పట్టుకుని. ఇద్దరం ఏడ్చాం.

వచ్చే నెల బయల్దేరుతున్నాను. హెస్సా బడికి వెళ్ళినప్పుడు, చెప్పకుండా. చెప్పి రాలేను, నావల్ల కాదు. పెంచిన బిడ్డ చెయ్యి వదిలించుకోవడం ఎట్లా ఉంటుందో ఇప్పుడు పడుతున్నాను. ఈ బాధ నీకు పెట్టలేను.

వెంకీ నోట ఆ మాట మార్పించకు. వాణ్ణి నీ దగ్గర్నుంచి ఎక్కడికీ తీసుకుపోను, నేనే మీ దగ్గరికి వస్తున్నాను. నన్ను ఏమని పిలవాలో నువ్వే నేర్పు. పిన్నీ అన్నా పలుకుతాను.

నీ చెల్లెలు,
మంగ