నూలు బతుకమ్మ

సెప్టెంబర్ 8, సోమవారం

ఇవ్వాళ నాకు ప్రమోషన్ వచ్చింది! జీతం పెరగలేదు, పేరు పెరిగింది. నిన్నటిదాకా ఆఫీస్ అసిస్టెంట్‌ని. ఇక నుంచి రెస్పాన్సిబుల్ సోర్సింగ్ ఎగ్జిక్యూటివ్‌ని. అద్దం ముందు నిలబడి పలికి చూసుకున్నాను. నాలుక తిరగలేదు.

సంగతేమిటంటే, మా కొత్తవాడ షెడ్డులో నేసే జంపఖానాలు కొనే విదేశీ కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. మగ్గాల సంగతి సరే, ఆ నూలు ఎవరు తీస్తున్నారు, ఇష్టంతోనే చేస్తున్నారా, మానుకోవాలంటే మానుకోగలరా, వెళ్ళి చూసి రాయమని. సబ్జెక్ట్ లైన్‌లో మోడర్న్ స్లేవరీ అని ఉంది. ఆ మాట చూసి మా ఓనర్ సదానందం సార్ బిత్తరపోయారు. మన దగ్గర బానిసలేంది సుకన్యా, చాయ్ గూడ నేనే పోయి తెచ్చుకుంటాన గద అన్నారు. నిజమే, మాకు కూడా ఆయనే తెస్తారు.

ఆఫీసులో ఇంగ్లిష్ మెయిల్స్ చదివేది నేనే కాబట్టి పని నా నెత్తిన పడింది. మిల్లుకు పోయి నాలుగు ఫోటోలు తీసుకుని రమ్మన్నారు. నాకైతే పిక్నిక్‌కు పోతున్నట్టే ఉంది.

సెప్టెంబర్ 11, గురువారం

మా నూలంతా నెక్కొండ రూట్లో ఉన్న ఒకే మిల్లు నుంచి వస్తుంది. మేనేజర్ ఓంప్రకాశ్ గేటు దాకా ఎదురొచ్చాడు. ఏం మర్యాద, ఏం మర్యాద! సమోసాలు, కూల్ డ్రింకు. ఒక్క నిమిషం కూడా నన్ను ఒంటరిగా వదల్లేదు.

పనిచేసేది ఎక్కువగా ఆడపిల్లలే, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు. అందరూ ఇంటర్ అయిపోయినవాళ్ళు. కాంపౌండ్‌లోనే హాస్టల్. గదులు శుభ్రం, ఆర్వో వాటర్, ఫ్యాన్లు, సీసీ కెమెరాలు. ఎవరిని అడిగినా ఏం తక్లీబ్ లేదు మేడం అన్నారు. అందరూ అదే మాట. నా చెక్‌లిస్ట్ నిండా టిక్కులే.

అసలు విశేషం ఆఫీసు గదిలో ఉంది. గాజు పెట్టెలో ఒక బతుకమ్మ! పూలది కాదు, నూలుది. పోయిన ఏడాది హాస్టల్ పిల్లలు మిల్లులో రాలే దూదితో, తెగిన పోగులతో పేర్చారట. గునుగు పూలు అచ్చం గునుగు పూలే. తంగేడుకు క్యాంటీన్ పసుపు అద్దారు, దగ్గరికి పోతే ఇప్పటికీ వాసన వస్తోంది. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. చేసిన అమ్మాయిని పిలిపించమన్నాను. పేరు వినోద. బక్కగా ఉంది, కళ్ళు మాత్రం ఇంతింత. ఊరు ధర్మసాగర్ అట, మా అమ్మమ్మగారి ఊరే! ఆ మాట చెప్పగానే మేనేజర్ వైపోసారి చూసి, చెరువు కట్ట మీద తంగేడు పూసిందా అక్కా అని అడిగింది. పూసే ఉంటుంది అన్నాను. ఓంప్రకాశ్ నవ్వాడు. నేనూ నవ్వాను.

సెప్టెంబర్ 12, శుక్రవారం

నూలు బతుకమ్మ నా వాట్సాప్ స్టేటస్‌లో. లైకులే లైకులు. సార్ కేటలాగ్ కవర్ మీద వేద్దామంటున్నారు. జీరో వేస్ట్ అని క్యాప్షన్ కూడా రాసేశాను. నేను ఈ ఉద్యోగానికే పుట్టానేమో.

సెప్టెంబర్ 21, ఆదివారం. పొద్దున

ఎంగిలి పూల బతుకమ్మ, పండుగ మొదటి రోజు. అమ్మా నేనూ ధర్మసాగర్ కట్ట మీదికి పూలకు వచ్చాం. ఎక్కడ చూసినా తంగేడే, పచ్చగా మండిపోతోంది. కోసి కోసి వేళ్ళు పసుపెక్కాయి. ఆ వేళ్ళు చూసుకుంటుంటే మిల్లు గోడ గుర్తొచ్చింది. ఆ రోజు నేను ఆటో దిగింది తంగేడు పొదల మధ్యే. గోడ పొడుగునా అవే.

గోడ అవతల ఇంత తంగేడు పెట్టుకుని, దూదికి పసుపు ఎందుకు అద్దారు?

సెప్టెంబర్ 21. అదే రోజు, మధ్యాహ్నం

బతుకమ్మను ఎవరైనా దాచుకుంటారా? ఆడి, పాడి, నీళ్ళలో వదిలి వస్తాం. ఏడాదిగా అది గాజు పెట్టెలో ఉందంటే, దాన్ని నీళ్ళ దాకా తీసుకుపోయినవాళ్ళు లేరు. పూలకూ పోలేదు, నీళ్ళకూ పోలేదు. వాళ్ళు గేటు దాటలేదు! పూసిందా అక్కా అని ఆ పిల్ల అడిగింది నన్ను పలకరించడానికి కాదు. నాకు చెప్పింది. నేను నవ్వి వచ్చాను.

జీరో వేస్ట్ క్యాప్షన్ డిలీట్ చేశాను. ఒళ్ళు మండిపోతోంది, నా మీద నాకే.

సెప్టెంబర్ 22, సోమవారం

సార్‌కు చెప్పాను. పండుగ పూట పిల్లలు ముచ్చటగా చేసుకున్నరు, నువ్వు పురాణం అల్లుతానవు అన్నారు. సరే, ఒక్కటే అడగండి, ఎవరైనా పిల్ల బయటికి పోతానంటే పోనిస్తారా లేదా అన్నాను. వినోద పేరు మాత్రం ఎత్తొద్దని దండం పెట్టాను.

సార్ స్పీకర్ పెట్టి ఓంప్రకాశ్‌కు ఫోన్ చేశారు. దాచుకుంటాడనుకున్నాను. గర్వంగా చెప్పాడు! తల్లిదండ్రులు నమ్మి అప్పజెప్పిండ్రు సార్, వాళ్ళే వచ్చి సంతకం పెట్టి తీస్కపోతే పంపిస్తం, ఒంటిగ ఎట్ల పంపుతం, రేపు ఏమన్నయితె జిమ్మేదారి ఎవలది అన్నాడు. ఫోన్లు వార్డెన్ గదిలో ఉంటాయట, ఆదివారం ఇస్తారట. ఆధార్ కార్డులు, టెన్త్ మెమోలు ఒరిజినల్స్ ఆఫీసు బీరువాలో భద్రమట. మధ్యలో మానేస్తామంటే ఇస్తరా అని సార్ అడిగారు. ఒప్పుకున్న టైమ్ నిండినంక ఇస్తమన్నాడు.

సార్ ఫోన్ పెట్టేశారు. తర్వాత, మా దీపను గిట్ల పెడితె అది గోడ దుంకుతది అన్నారు. దీప సార్ కూతురు, హనుమకొండలో హాస్టల్లో చదువుతోంది. ప్రతి శనివారం బస్సెక్కి ఇంటికొస్తుంది, ఎవరి సంతకం లేకుండానే.

సెప్టెంబర్ 23, మంగళవారం

నేను ఆవేశంగా, ఆ మిల్లు నూలు మనకొద్దు సార్, ఇవ్వాళే బంద్ పెడదాం అన్నాను. సార్ తల అడ్డంగా ఊపారు. మనం వద్దంటె రేపు ఇంకోడు కొంటడు, గేటు గట్లనే ఉంటది అన్నారు. అయినా ఆ పిల్లలను అడిగినవా అన్నారు. అడగలేదు. మొదటిసారి ఆయన ఓనర్‌లాగా కనిపించారు.

అడగాలంటే ఓంప్రకాశ్ పక్కన ఉండకూడదు. ప్లాన్ ఉంది! రాయను. దిష్టి తగులుతుంది.

సెప్టెంబర్ 25, గురువారం

ప్లాన్ పేరు తాహెరా ఆపా. మా షెడ్డులో నూలు చుట్టే సెక్షన్ ఆవిడదే. మాట్లాడటం మొదలుపెడితే కరెంటు పోయినా ఆగదు. తాహెరా బేగం వస్తోందని మిల్లుకు ముందే కబురు పెట్టాం, నూలు గురించి కంప్లయింట్ ఉందని. నేను ఊరికే తోడు.

దిగగానే ఆపా ఓంప్రకాశ్‌ను గోడౌన్‌లోకి లాక్కుపోయింది. జర ఇటు సూడు సార్, ఈ ముళ్ళేంది, ఈ పోగేంది, మా మగ్గం మీద నిలుస్తదా ఇది అని అందుకుంది. నేను హాస్టల్‌లోకి జారుకున్నాను. వార్డెన్ కూడా గొడవ చూడ్డానికి గోడౌన్ వైపే పోయింది. ఆపాకు బిర్యానీ బాకీ పడ్డాను.

పిల్లలు మళ్ళీ అదే పాట, ఏం తక్లీబ్ లేదు మేడం. నేనేం అడగలేదు. ఫోన్ తీసి కట్ట మీద తంగేడు ఫోటో వినోద చేతికిచ్చాను. పూసింది, ఆ రోజు నాకు అర్థం కాలేదు చెల్లె, అన్నాను. ఆ పిల్ల ఫోటోను పెద్దది చేసుకుని, చేసుకుని చూసింది. ఏడ్చింది. ఇక అందరూ ఒక్కసారే మొదలుపెట్టారు!

వినోదకు తండ్రి లేడు. తల్లి మల్లక్కకు పక్షవాతం, మంచం దిగే స్థితి లేదు. సంతకానికి రాలేదు. రాలేదు కాబట్టి కూతురు పోలేదు. పోయిన బతుకమ్మ కంటే ముందు వచ్చిన పిల్ల, తల్లి మొహం మళ్ళీ చూడలేదు. పని మానేస్తావా అని అడిగాను. నా మీద కోపానికొచ్చింది. పని మంచిగనే ఉన్నదక్కా, ఎందుకు మానాలె, గేటు తెరువుమను, మా కాయితాలు మాకియ్యుమను, పోయి మళ్ళ మేమే వస్తం అంది. సద్దుల బతుకమ్మ నాటికి అమ్మ దగ్గర ఉండాలె, గంతే అంది.

నేను బంద్ పెడదామన్న మిల్లు ఇది! సార్ ఆపకపోతే వీళ్ళ పనికే ఎసరు పెట్టేదాన్ని.

సెప్టెంబర్ 26, శుక్రవారం

సార్ మిల్లు సేటుకు రాశారు. కాగితాలు పిల్లల చేతికి, ఫోన్లు పిల్లల దగ్గరికి, డ్యూటీ లేనప్పుడు గేటు బార్లా, అడిగినందుకు ఎవరినీ ఏమీ అనకూడదు. ఇవి జరిగితే ఏడాదంతా నూలు మీ దగ్గరే. జరగకపోతే ఒక్క కండె కూడా వద్దు. పంపించాక సార్ అందరికీ చాయ్ తేవడానికి పోయారు.

సెప్టెంబర్ 27, శనివారం

సేటు ఫోన్ ఎత్తడం లేదు. ఉన్న నూలు అయిపోవస్తోంది. మగ్గం మీది రాజమౌళి బాపు, సోమవారం ఏం నెయ్యాలె బిడ్డా అని అడిగాడు. సంగతి చెప్పాను. విని, పాత జంపఖానాల అంచులు కట్టుకుంట కూసుంట తియ్, ఫికర్ చెయ్యకు అన్నాడు.

సెప్టెంబర్ 28, ఆదివారం

విదేశీ కంపెనీకి శుక్రవారమే దాచకుండా అంతా రాశాను. జవాబు వచ్చింది! వదిలేసి పారిపోవద్దు, సరిదిద్దండి, సరుకు ఆలస్యమైనా ఫర్వాలేదట. సార్ ఫోన్లో అరిచిన అరుపుకు మా పక్కింటివాళ్ళు తొంగి చూశారు.

ఆఖరి రోజు సద్దులు సోమవారమా మంగళవారమా అని వాట్సాప్‌లో ఒకటే పంచాయితీ. మంగళవారమే కావాలి దేవుడా, ఒక్క రోజు ఎక్కువ ఇవ్వు.

సెప్టెంబర్ 29, సోమవారం

సేటు ఫోన్ చేశాడు! పండుగ కదా, ఒక్క సాయంత్రం వదుల్తం అన్నాడు. సార్ ఒప్పుకోలేదు. మా సదానందం సార్! ఒక్క సాయంత్రం కాదు సేటూ, ఎప్పటికీ అన్నారు. అవతలి నుంచి, ఏడాది ఆర్డర్ పక్కానా అన్న ప్రశ్న. పక్కా. సరే అన్నాడు.

యస్! యస్! యస్!

సెప్టెంబర్ 30, మంగళవారం. ధర్మసాగర్‌లో, అమ్మమ్మ ఇంట్లో కూర్చుని రాస్తున్నాను

పొద్దున నేనూ సార్ మిల్లులో ఉన్నాం. బీరువా తెరిచి ఎవరి కాగితాలు వాళ్ళకు, ఎవరి ఫోన్లు వాళ్ళకు ఇచ్చారు. ఓంప్రకాశ్ మొహం గంటు పెట్టుకునే ఇచ్చాడు. తర్వాత గేటు తీశారు.

ఎవరూ కదల్లేదు.

అంతమంది పిల్లలూ గేటు లోపలే నిలబడిపోయారు. నాకు ఏడుపొచ్చింది. అప్పుడు వినోద బయటికి నడిచింది. గోడ పక్కన తంగేడు కొమ్మ ఒకటి విరిచింది. విరిచి, తిన్నగా మళ్ళీ లోపలికి వచ్చింది! ఏంటే అంటే, మళ్ళ రానిస్తరో లేదో సూసిన అక్కా అంది. మళ్ళీ బయటికి పోయింది. ఇక చూడాలి, పిల్లలంతా లోపలికీ బయటికీ ఒకటే తిరుగుడు, ఒకటే నవ్వు. వాచ్‌మన్ కూడా నవ్వాడు.

సార్ కారిస్తానంటే వినోద వద్దంది. బస్సుల పోత, నా పాటికి నేనే పోత అంది. నేనూ అదే ఊరు కాబట్టి పక్క సీట్లో కూర్చున్నాను. వినోద ఒళ్ళో చున్నీ మూట. ఏముందని నేను అడగలేదు.

మల్లక్క మంచం వాకిట్లోకి తెచ్చి వేశారు. వినోద మూట విప్పి నూలు బతుకమ్మను ఆమె పక్కన పెట్టింది. ఆమె కూతురి తల నిమిరి, ఏడాదయినా వాడిపోలేదేందే ఇది అంది.

సాయంత్రం నీళ్ళలో పూల బతుకమ్మలు తేలుకుంటూ పోయాయి. నూలుది నీళ్ళు తాగి మెల్లగా మునిగింది. వినోద చప్పట్లు కొట్టింది. నేను ఇంత సంతోషంగా ఎప్పుడున్నానో గుర్తులేదు.

అక్టోబర్ 3, శుక్రవారం

వినోద ఇవ్వాళ పొద్దున తిరిగొచ్చి డ్యూటీ ఎక్కిందట.

ఓంప్రకాశ్ ఫోన్. గాజు పెట్టె ఖాళీగ ఉన్నది మేడం, బతుకమ్మ ఏమైంది అన్నాడు. ఊరికి పోయిందన్నాను. ఎవరిని అడిగి పోయింది అన్నాడు.

ఎవరినీ అడగలేదన్నాను.