ఇచ్చేసిన బంటు

చిరంజీవి చెల్లెలు షోఘిక్‌కు,

పెద్దక్క దీవెనలు. గ్యుమ్రీలో నాన్న, తమ్ముడు మెస్రోప్, నేను కులాసాగానే ఉన్నాం. నీ మెడనొప్పి తగ్గిందని రాస్తే ఇంకా కులాసా. పోటీ అయ్యేదాకా మీ ఫోన్లు తీసేసుకున్నారు కదా, ఈ ఉత్తరం మీరున్న జెర్ముక్‌కు వచ్చే బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను.

ముందు ఈ ఉదయం సంగతి. నేను చర్చి నుంచి వచ్చేసరికి నాన్న వంటింటి బల్ల మీద చదరంగం పరిచి కూర్చున్నారు. పక్కన లవాష్ రొట్టెలో చుట్టిన జున్ను, గ్లాసులో టీ. నల్లపావులు తనవైపు పెట్టుకున్నారు. ఎదుటి కుర్చీ ఖాళీ.

"కూర్చో వార్సో. తెల్లవి నువ్వు."

"నాకేం వచ్చు నాన్నా? మీరు నేర్పింది ఎప్పుడో మర్చిపోయాను."

"షోఘిక్ పంపిన ఎత్తులే ఆడు. దానికి నేను సాయం చెయ్యడం లేదు, ముందే చెప్తున్నా. నా డిఫెన్స్ నేను కాచుకుంటున్నా, అంతే."

గడ్డం గీసుకుంటున్న మెస్రోప్ వసారాలోంచి నవ్వాడు. "అంటే తాళంచెవి ఇవ్వరు, తలుపెంత గట్టిదో మాత్రం చూపిస్తారన్నమాట!"

"నోరు మూసుకుని గీసుకో. తెగితే నన్ననకు."

బంటును ఎరగా ఇచ్చి మొదలెట్టే నీ గాంబిట్ నిలుస్తుందా అని అడిగావు. ఆఖరి ఆట గెలిస్తేనే నీకు జట్టులో చోటు, డ్రా అయితే లేదు. ఎదురుగా కూర్చునేది న్వార్డ్. నల్లపావులతో ఆమె ఆడే ఫ్రెంచ్ డిఫెన్స్‌ను ఈ ఏడాది ఎవరూ పగలగొట్టలేదు. నీ భయం నాకు తెలుసు.

నువ్వు రాసినట్టే నాలుగో ఎత్తులో ఎడమవైపు గుర్రం ముందున్న బంటును రెండు గళ్లు తోసి ఊరికే ఇచ్చేశాను. నాన్న నడిమి గళ్లు కాస్తున్న తన బంటును పక్కకు లాగి దాన్ని తినేశారు. నీ కాగితంలో ఆ తర్వాత ఎడమ చివరి బంటుతో దాని వెంటపడాలని ఉంది. నేను వరస చూసుకోలేదు. మంత్రి ముందున్న బంటును నడిమి గళ్లలోకి తోశాను.

"దాని వెంటపడవేం?" అన్నారు నాన్న.

"ఇచ్చేశాం కదా నాన్నా. దేవుడి పేర మతాఘ్ బలి కోసి ఇరుగుపొరుగుకు పంచాక, మా వాటా మాకివ్వండని వాళ్ల గుమ్మం ఎక్కుతామా?"

నాన్న టీ గ్లాసు కింద పెట్టేశారు. మరి కాసేపటికే నేను మంత్రిని పోగొట్టుకున్నాను. మెస్రోప్ ఇంకా వెక్కిరిస్తూనే ఉన్నాడు. కానీ నాన్న పావులన్నీ వెనక్కి పెట్టి, చదరంగం పలక తిప్పి, తెల్లవి తను తీసుకున్నారు. నల్లవాటి ఎత్తులూ తనే చెప్పి నాతో ఆడించారు. మధ్యాహ్నానికి నల్లరాజుకు తలదాచుకునే గడి లేదు. "అయ్యో, నా ఇల్లు!" అని నవ్వారు. కళ్లు మాత్రం తుడుచుకున్నారు.

నీకు చెప్పమన్నది ఇది. ఇచ్చిన బంటు వైపు తిరిగి చూడొద్దు. నడిమి గళ్లు పట్టుకో. న్వార్డ్ తన రాజును మూలకు దాచగానే గుర్రాన్నీ, కుడి చివరి బంటునూ కలిపి పంపు.

ఇక నేను దాచిన మాట. నాన్న ఎందుకు రాయడం లేదని అడిగితే దగ్గని రాశాను. దగ్గు లేదు. ఆ డిఫెన్స్ న్వార్డ్‌కు నేర్పింది నాన్నే కదా. తండ్రి లేని పిల్ల, ఈ వంటింట్లోనే నీ పక్కన కూర్చుని నేర్చుకుంది. "ఒక కూతురి కోసం ఇంకో కూతురి ఇల్లు కూల్చమంటావా?" అని నాన్న నీ కాగితం ముట్టుకోలేదు. అది రాస్తే నువ్వు మెత్తబడి డ్రాకు చెయ్యి చాపుతావని భయపడ్డాను. ఇప్పుడు నాన్నే రాయమన్నారు. న్వార్డ్‌కు నేర్పేటప్పుడు ఏదీ దాచుకోలేదు, నీకూ దాచనన్నారు.

సాయంత్రం ముగ్గురం కూర్చున్నాం. "చెల్లి గెలవగానే పుంజును కొని మతాఘ్ ఇద్దాం" అన్నాడు మెస్రోప్.

"గెలిస్తే ఇస్తాననడం బేరంరా. ఆటకు ముందే ఇద్దాం" అన్నాను నేను.

అదే ఖాయమైంది. శనివారం పొద్దున, నువ్వు బల్ల దగ్గర కూర్చోకముందే, చర్చిలో దీవించిన ఉప్పు వేసి పుంజును ఉడికిస్తాను. ఏడిళ్లకు పంచాలి. ఆరిళ్లు మెస్రోప్ గబగబా చెప్పేశాడు. ఏడోది నాన్న చెప్పారు.

"న్వార్డ్ వాళ్లమ్మకు."

"మనం ఓడించబోయేవాళ్లింటికా?" అన్నాడు మెస్రోప్. "గుమ్మంలో నిలబడి ఏమని ఇవ్వను నాన్నా?"

"పిల్లలిద్దరి కోసమని ఇవ్వు. వేడిగా ఉండగానే తీసుకెళ్లు."

మెస్రోప్ తల గోక్కుని, సరేనన్నాడు. మూత ఉన్న గిన్నె తోమి పెట్టాను.

ఇట్లు,
మీ ఇద్దరి పేరా కొవ్వొత్తి వెలిగించిన
నీ పెద్దక్క
వార్సెనిక్